ఆయమ్మ నిద్ర

"ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖం ఎరుగదు" అని మన పెద్దలు అంటారు. నిజమే. బాగా అలిసిపోతే కటిక నేల మీద కూడా నిద్ర పడుతుంది. ఒక్క రాత్రికి ఆ మాట సరిపోతుంది. మరి ఏళ్ళ తరబడి నిద్ర చాలకపోతే? ఒళ్ళు ఊరుకుంటుందా? ఊరుకోదు. ఎక్కడో ఒకచోట బాకీ వసూలు చేసుకుంటుంది.

ఈ పాఠం ఒక ఆసుపత్రి ఆయమ్మ కథ. చదవండి. చదివాక పదిమందీ కూర్చుని మాట్లాడుకోండి.

1. తెల్లవారుజామున 4 గంటలు

అది ఒక పెద్ద ఆసుపత్రి. కాన్పుల వార్డు రెండో అంతస్తులో ఉంది. ఆపరేషన్ థియేటర్ కింద ఉంది.

తెల్లవారుజామున 4 గంటలయింది. ఒక బాలింతకు ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆమెను ట్రాలీ మీద వార్డుకు తీసుకెళ్ళాలి. ఒక పక్క ఆయమ్మ, ఇంకో పక్క వార్డు బాయ్ ట్రాలీని తోసుకొచ్చారు. బాలింత తల్లి వెనకే నడిచింది.

లిఫ్టు పైన ఆగిపోయింది. "నేను పైకెళ్ళి లిఫ్టు దింపుతా" అని వార్డు బాయ్ మెట్లెక్కాడు.

ఆయమ్మ ట్రాలీ పక్కన నిలబడింది. బాలింతకు దుప్పటి సర్దడానికి అంతకుముందే ఒక పక్క కమ్మీ దించింది. మళ్ళీ పైకి ఎత్తి గడియ వేయాలి. వేద్దామనే అనుకుంది. గోడకు ఆనుకుంది. అంతే, కన్ను మూతపడింది.

బాలింతకు మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు. ఆమె పక్కకు కదిలింది. ఒక చెయ్యి, ఒక భుజం ట్రాలీ బయటికి జారాయి.

"అమ్మో! ఆయమ్మా!" అని తల్లి అరిచింది. పరుగున వచ్చి కూతుర్ని రెండు చేతులతో పట్టుకుంది.

ఆ కేకకు ఆయమ్మ ఉలిక్కిపడి లేచింది. తనూ పట్టుకుంది. బాలింతకు దెబ్బ తగల్లేదు. కుట్లు తెగలేదు. కానీ ఆ తల్లి ఊరుకోలేదు.

"నా బిడ్డ కిందపడితే ఎవరు దిక్కు? నిద్రపోయేదానివి ఇంట్లో పడుకో. ఇక్కడికెందుకు వచ్చావు?"

ఆయమ్మ మాట్లాడలేదు. ఆమె కాళ్ళు వణుకుతున్నాయి. ఆ తల్లి అన్నదాంట్లో తప్పేముంది?

2. ఆయమ్మ పని ఏమిటి?

ఆసుపత్రిలో అందరూ ఆమెను ఆయమ్మ అనే పిలుస్తారు. ఆమె పేరు ఎవరూ అడగరు. మన తెలుగు జిల్లాల సర్కారు ఆసుపత్రుల కాగితాల మీద ఈ పనికి ఎఫ్.ఎన్.ఓ. అని రాస్తారు. మగవాళ్ళయితే ఎం.ఎన్.ఓ. అంటే నర్సులకు సాయంగా ఉండే మనిషి అన్నమాట.

ఈ ఆయమ్మ నెల జీతానికి కాంట్రాక్టు మీద పని చేస్తోంది.

ఆమె చేసే పనులు ఇవీ:

లేవలేని రోగికి బెడ్ పాన్ పెట్టాలి. తీయాలి. ఒళ్ళు తుడవాలి. దుప్పట్లు మార్చాలి. రోగిని పక్కకు తిప్పాలి. ట్రాలీ మీదికి ఎత్తాలి. దించాలి. రక్తం సీసాలు పరీక్షల గదికి చేర్చాలి. కాన్పు గదిలో నర్సమ్మ పక్కన ఉండాలి. పుట్టిన బిడ్డను శుభ్రమైన గుడ్డలో చుట్టి తల్లికి చూపించాలి.

మందు ఇవ్వడం ఆమె పని కాదు. సూది వేయడం ఆమె పని కాదు. అయినా రోగి ప్రాణం ఆమె చేతుల్లో కూడా ఉంటుంది. ట్రాలీ కమ్మీ వేసిందా లేదా? తడి నేల తుడిచిందా లేదా? రోగి ఊపిరి తేడాగా ఉంటే నర్సమ్మకు వెంటనే చెప్పిందా లేదా? ఇవన్నీ చిన్న పనులు కావు. మెలకువ ఉంటేనే జరిగే పనులు.

ఈ ఆసుపత్రిలో డ్యూటీలు మూడు రకాలు.

ఉదయం డ్యూటీ: 8 నుంచి 2 వరకు.
మధ్యాహ్నం డ్యూటీ: 2 నుంచి 8 వరకు.
రాత్రి డ్యూటీ: సాయంత్రం 8 నుంచి మర్నాడు ఉదయం 8 వరకు.

3. మెమో

మూడు రోజుల తర్వాత ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. ఆయమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. ఇంతకుముందయితే ఎవరో ఒకర్ని బతిమాలి చదివించుకునేది. ఇప్పుడు ఆమెకు చదువు వచ్చు. వీధిలో రాత్రి బడి పెట్టినప్పుడు నేర్చుకుంది. కూడబలుక్కుని చదివింది.

పైన తన పేరు ఉంది. ఆసుపత్రిలో తన పూర్తి పేరు కనపడటం ఆమెకు అదే మొదటిసారి. కింద ఇలా ఉంది: "ట్రాలీ కమ్మీ వేయకుండా విధుల్లో నిద్రించినందుకు మీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలెను."

ఆయమ్మ గుండె దడదడలాడింది. కాంట్రాక్టు ఉద్యోగం. తీసేస్తే అడిగేవాళ్ళు లేరు. కూతురు పదో తరగతి. కొడుకు ఏడు. మొగుడు అద్దె ఆటో తోలుతాడు.

"ఏమీ ఒప్పుకోకు అక్కా. కమ్మీ వేశాను, అదే ఊడింది అని రాసెయ్యి" అంది తోటి ఆయమ్మ. ఆమె వయసులో చిన్నది.

"అబద్ధం ఎట్లా రాస్తానే? ఆ తల్లి కళ్ళారా చూసింది."

ఆమె తిన్నగా హెడ్ సిస్టర్ దగ్గరికి వెళ్ళింది. ఆ సిస్టరమ్మ చాలా ఏళ్ళు రాత్రి డ్యూటీలు చేసిన మనిషి. మెమో చదివింది. కళ్ళజోడు తీసింది.

"ఆ ముందు రోజు నువ్వు ఎన్నింటికి నిద్ర లేచావమ్మా?"

"5 గంటలకు సిస్టరమ్మా. నీళ్ళు పట్టాలి కదా."

"తర్వాత?"

"వంట చేసి 8 గంటలకు డ్యూటీకి వచ్చాను. 2 గంటలకు దిగాను. రాత్రి డ్యూటీ ఆయమ్మ సెలవు పెట్టింది. నన్నే రమ్మన్నారు. ఇంటికెళ్ళి బట్టలుతికి, పిల్లలకు వండిపెట్టి, మళ్ళీ 8 గంటలకు వచ్చాను."

"మధ్యలో పడుకున్నావా?"

"లేదు సిస్టరమ్మా."

"అయితే లెక్క వెయ్యి."

ఆయమ్మ వేళ్ళ మీద లెక్క వేసింది. ఉదయం 5 నుంచి మర్నాడు తెల్లవారుజామున 4 వరకు. మొత్తం 23 గంటలు!

"23 గంటలు కన్ను మూయని మనిషి నిలబడే నిద్రపోతుంది. కమ్మీ వేయకపోవడం తప్పే. అది ఒప్పుకో. కానీ ఆ తప్పు ఎక్కడ పుట్టిందో కూడా రాయాలి" అంది సిస్టరమ్మ.

4. ఒంట్లో గడియారం

ఆ రోజు మధ్యాహ్నం నలుగురు ఆయమ్మలు సిస్టరమ్మ చుట్టూ కూర్చున్నారు. ఆమె ఇలా చెప్పింది:

"మన తలలో ఒక గడియారం ఉంది. కళ్ళ వెనక, మెదడు లోపల, చాలా చిన్నగా ఉంటుంది. దానికి ముళ్ళు ఉండవు. కానీ సుమారు 24 గంటలకు ఒక చుట్టు తిరుగుతుంది. ఎప్పుడు నిద్రపోవాలో, ఎప్పుడు లేవాలో ఒంటికి అదే చెబుతుంది."

"దానికి తాళం ఎవరు వేస్తారు సిస్టరమ్మా?"

"వెలుతురు వేస్తుంది. కంట్లో వెలుగు పడితే ఇది పగలు అనుకుంటుంది. చీకటి పడితే ఒంట్లో మెలటోనిన్ అనే రసం ఊరుతుంది. ఆ రసం ఊరితే ఇక పడుకోవాలి అని ఒంటికి తెలుస్తుంది."

ఈ గడియారం ఎలా నడుస్తుందో శాస్త్రవేత్తలు పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో కనిపెట్టారు. ఆ పని చేసిన ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

మరి రాత్రి డ్యూటీలో ఏం జరుగుతుంది?

ఒళ్ళు పడుకోమంటుంది. డ్యూటీ లేచి ఉండమంటుంది. తెల్లవారుజామున 3 నుంచి 5 గంటల మధ్య ఒంట్లో వేడి బాగా తగ్గుతుంది. మెదడు మందగిస్తుంది. ఆ వేళలో పొరపాట్లు ఎక్కువ జరుగుతాయి. లారీ డ్రైవర్లకు ఈ సంగతి బాగా తెలుసు.

ఉదయం ఇంటికి వెళ్ళాక ఇంకో కష్టం. ఇప్పుడు మనం పడుకుందామంటాం. ఎండ చూసిన గడియారం లేవమంటుంది. అందుకే రాత్రి డ్యూటీ చేసినవాళ్ళకు పగలు వచ్చే నిద్ర మామూలు రాత్రి నిద్ర కంటే తక్కువ. ఒకటి రెండు గంటలైనా తగ్గిపోతుంది. చాలామందికి ఇంకా ఎక్కువే తగ్గుతుంది.

5. నిద్రలేమి సారా లాంటిదే

"సిస్టరమ్మా, తాగినవాళ్ళు తూలినట్టు నాకు ఆ రాత్రి కాళ్ళు తేలాయి" అంది ఆయమ్మ.

"ఆ మాట నువ్వు ఊరికే అనలేదు. శాస్త్రం కూడా అదే చెప్పింది" అంది సిస్టరమ్మ.

1997లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఒక పరీక్ష ఫలితం చెప్పారు. కొంతమందిని రాత్రంతా మేలుకోమన్నారు. వాళ్ళ చేతి చురుకుదనం, కంటి చురుకుదనం కొలిచారు. ఇంకోసారి వాళ్ళకే మద్యం ఇచ్చి కొలిచారు. ఏం తేలింది? 17 గంటలు వరసగా మేలుకున్న మనిషి, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న మనిషితో సమానం.

మన దేశంలో 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం దాటిన మనిషి బండి నడిపితే పోలీసులు కేసు పెడతారు.

తాగి బండి నడిపితే నేరం. మరి 23 గంటలు మేలుకున్న ఆయమ్మ చేతికి ట్రాలీ ఇవ్వవచ్చా?

నలుగురు ఆయమ్మలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

6. నిద్రలో మెట్లు ఉంటాయి

నిద్ర అంతా ఒకే తీరుగా ఉండదు. మొదట కునుకు పడుతుంది. తర్వాత పైపై నిద్ర. ఆ తర్వాత గాఢ నిద్ర. చివర కలల నిద్ర. ఈ మెట్లన్నీ దిగి ఎక్కడానికి సుమారు 90 నిమిషాలు పడుతుంది. హాయిగా పడుకుంటే ఒక రాత్రిలో ఇలాంటి చుట్లు నాలుగో అయిదో తిరుగుతాయి.

గాఢ నిద్రలో ఒళ్ళు అలసట తీర్చుకుంటుంది. కలల నిద్రలో మెదడు పగలు చూసినవీ విన్నవీ సర్దుకుంటుంది. నేర్చుకున్న అక్షరాలు గుర్తుండాలన్నా నిద్ర కావాలి.

నిద్ర మధ్యలో ఎవరో తలుపు కొడితే చుట్టు తెగుతుంది. మళ్ళీ మొదటి మెట్టు నుంచి రావాలి. అందుకే ఎన్ని గంటలు పడుకున్నామో ఒక్కటే లెక్క కాదు. ఎలా పడుకున్నామో కూడా లెక్కే.

పెద్దవాళ్ళకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలి. చాలాకాలం అది తగ్గితే బరువు పెరుగుతుంది. రక్తపోటు, చక్కెర జబ్బు, గుండె జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఊరికే కోపం వస్తుంది. మనసు కుంగుతుంది. ఏళ్ళ తరబడి రాత్రి డ్యూటీ చేస్తే క్యాన్సర్ ముప్పు పెరగవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో చెప్పింది. 2019లో మళ్ళీ అదే మాట చెప్పింది. అంటే రాత్రి డ్యూటీ చేసిన అందరికీ జబ్బు వస్తుందని కాదు. జాగ్రత్త పడాలని అర్థం.

7. నిద్ర లెక్క

"మన నిద్ర మంచిదో కాదో ఎట్లా తెలుస్తుంది?" అని చిన్న ఆయమ్మ అడిగింది.

అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్ళు నిద్రను కొలవడానికి ఒక ప్రశ్నల పట్టిక తయారు చేశారు. అది 1989లో అచ్చయింది. గడిచిన నెల రోజుల నిద్ర గురించి అందులో 7 సంగతులు చూస్తారు. సిస్టరమ్మ వాటిని సులువుగా చెప్పింది:

మొదటిది: మీ నిద్ర బాగుందని మీకు అనిపిస్తోందా?
రెండోది: పడుకున్నాక ఎంతసేపటికి నిద్ర పడుతోంది?
మూడోది: మొత్తం ఎన్ని గంటలు నిద్రపోతున్నారు?
నాలుగోది: పక్క మీద ఉన్న సమయంలో నిద్రపోయింది ఎంత?
అయిదోది: మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వస్తోంది? ఎందుకు?
ఆరోది: నిద్ర మాత్రలు వేసుకుంటున్నారా?
ఏడోది: మేలుకుని పని చేసే వేళ కునికిపాట్లు వస్తున్నాయా?

ఆయమ్మ ఒక పాత నోటు పుస్తకం తీసింది. ఒక వారం రాత్రి డ్యూటీలో తన నిద్ర రాసుకుంది. ఒక రోజు ఇలా రాసింది:

"ఉదయం 9:30కి పడుకున్నాను. 2:30కి లేచాను. మధ్యలో కుళాయి నీళ్ళు వచ్చాయి, లేచాను. చీటీ డబ్బుల మనిషి వచ్చింది, లేచాను. కరెంటు పోయింది, లేచాను. నిద్రపోయింది 3 గంటలు."

పక్క మీద ఉన్నది 5 గంటలు. అంటే 300 నిమిషాలు.
నిద్రపోయింది 3 గంటలు. అంటే 180 నిమిషాలు.
180ని 100తో హెచ్చించి 300తో భాగిస్తే 60.

నూటికి 85 పైన వస్తే మంచి నిద్ర. ఆయమ్మకు వచ్చింది 60. నిద్ర తక్కువ. ఆ తక్కువ నిద్ర కూడా ముక్కలు ముక్కలు.

8. ఇంట్లో

ఆయమ్మది రేకుల ఇల్లు. 10 గంటలయ్యేసరికి పైనుంచి నిప్పులు కురుస్తాయి. అంతకంటే ఎక్కువ వేడి అత్త మాటల్లో ఉండేది.

"పట్టపగలు ఆడది పడుకుంటే ఇంటికి దరిద్రం. వీధిలో వాళ్ళు ఏమనుకుంటారు?"

ఆయమ్మ ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. లేచి చీపురు పట్టుకునేది.

ఆ వారం కూతురు ఆ నోటు పుస్తకం చూసింది. నాయనమ్మకు పైకి చదివి వినిపించింది.

"నాయనమ్మా, అమ్మ నిన్న పడుకుంది 3 గంటలే. మొన్న రెండున్నర."

"రాత్రి అక్కడ పడుకోదా?"

"లేదు అత్తయ్యా. రాత్రంతా నిలబడే ఉంటాను. నిన్న రాత్రి నాలుగు కాన్పులు" అంది ఆయమ్మ. ట్రాలీ సంగతి కూడా ఆ రోజే మొదటిసారి ఇంట్లో చెప్పింది. చెబుతూ ఏడ్చింది.

ఆటో ఆయన తల వంచుకున్నాడు. "నీళ్ళు నేను పడతాలే. 10 గంటల దాకా బేరాలు కూడా పెద్దగా ఉండవు" అన్నాడు.

అత్త ఏమీ అనలేదు. కానీ మర్నాడు గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. చీటీ డబ్బుల మనిషి వచ్చింది. అత్త నోటి మీద వేలు పెట్టి, "మా కోడలు రాత్రంతా డ్యూటీ చేసి పడుకుంది. సాయంత్రం రా" అంది.

ఆ ఇంట్లో చేసిన మార్పులు ఇవీ. మీ ఇంట్లో ఎవరైనా రాత్రి పని చేసేవాళ్ళు ఉంటే మీరూ చేయవచ్చు.

కిటికీకి నల్ల గుడ్డ కట్టారు. కళ్ళ మీద మెత్తటి నల్ల గుడ్డ వేసుకుంది. ఎండాకాలంలో రేకుల మీద తడి గోనెపట్టాలు పరిచారు. ఫోను మోగకుండా చేసి అత్తకు ఇచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఎండ కంట్లో పడకుండా కొంగు ముందుకు లాక్కుంది. ఇంటికి రాగానే కొంచెం తిని, పనులు పెట్టుకోకుండా పడుకుంది. రోజూ ఒకే వేళకు పడుకుంది.

టీ సంగతి కూడా తెలుసుకోవాలి. టీలో, కాఫీలో కెఫీన్ అనే మందు ఉంటుంది. అది నిద్రను ఆపుతుంది. తాగిన 5 గంటలకు కూడా దాంట్లో సుమారు సగం ఒంట్లోనే ఉంటుంది. డ్యూటీ మొదట్లో తాగితే మంచిది. తెల్లవారుజామున తాగితే ఉదయం నిద్రను అది తినేస్తుంది.

డ్యూటీకి వెళ్ళేముందు సాయంత్రం కాసేపు పడుకున్నా మేలు. డ్యూటీ మధ్యలో, నర్సమ్మకు చెప్పి, ఇంకొకరు పని చూస్తుండగా 20 నిమిషాలు కునుకు తీస్తే చురుకుదనం వస్తుంది. గంట పడుకుని గాఢ నిద్రలోంచి లేస్తే కాసేపు మగతగా ఉంటుంది. లేచిన వెంటనే రోగిని ఎత్తకూడదు. ముందు మొహం కడుక్కోవాలి.

నిద్ర మాత్రలు డాక్టరు రాయకుండా వేసుకోకూడదు. గట్టిగా గురక వస్తున్నా, గురకలో ఊపిరి ఆగినట్టు అవుతున్నా, వారాల తరబడి నిద్ర పట్టకపోయినా డాక్టరుకు చూపించాలి. అది జబ్బు కావచ్చు. సిగ్గు పడాల్సిన పని లేదు.

9. సంజాయిషీ, అర్జీ

ఇంట్లో మార్పు వచ్చింది సరే. కానీ ఉదయం డ్యూటీ చేసిన రోజే రాత్రి డ్యూటీ వేస్తే నల్ల గుడ్డ ఏం చేస్తుంది? గోనెపట్టా ఏం చేస్తుంది? అది ఇంట్లో తెగే లెక్క కాదు. డ్యూటీ చార్టులో తెగాలి.

మెమో వచ్చిన రెండో రోజు రాత్రే ఆయమ్మ సంజాయిషీ తన చేత్తో రాసింది. తప్పులు ఉంటే కూతురు దిద్దింది. అందులో ఇలా ఉంది:

"అయ్యా, నేను ట్రాలీ కమ్మీ వేయలేదు. అది నా తప్పు. ఇకమీదట కమ్మీ వేయకుండా ట్రాలీ వదలను. ఆ రోజు నేను ఉదయం డ్యూటీ చేసి, అదే రోజు రాత్రి డ్యూటీకి వచ్చాను. అప్పటికి 23 గంటలుగా నిద్ర లేదు. డ్యూటీ చార్టు చూడగలరు."

నిద్ర లెక్క వారం ముగిశాక ఆయమ్మలు ఒక అర్జీ రాశారు.

"మెడికల్ సూపరింటెండెంట్ గారికి, కాన్పుల వార్డు ఆయమ్మలు నమస్కరించి రాసుకున్న అర్జీ.

అయ్యా,

1. ఉదయం డ్యూటీ చేసినవారికి అదే రోజు రాత్రి డ్యూటీ వేయవద్దు. రాత్రి డ్యూటీ దిగినవారికి అదే రోజు మధ్యాహ్నం డ్యూటీ వేయవద్దు. రెండు డ్యూటీల మధ్య 12 గంటలు విశ్రాంతి ఇప్పించండి.

2. డ్యూటీలు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే వరసలో మార్చండి. వెనక్కి మార్చితే ఒళ్ళు అలవాటు పడటం లేదు.

3. చార్టు ఒక వారం ముందే గోడకు అంటించండి. మేము చదువుకోగలం.

4. రాత్రి పూట వంతులవారీగా కాసేపు కునుకు తీయడానికి ఒక చోటు చూపించండి.

మేము నిద్రపోవడానికి జీతం అడగడం లేదు. రోగులను భద్రంగా చూసుకోవడానికి నిద్ర అడుగుతున్నాం."

12 గంటలు అన్న మాట వాళ్ళు ఊరికే రాయలేదు. సిస్టరమ్మ చెప్పింది. 1977లో అంతర్జాతీయ కార్మిక సంస్థ నర్సింగు పని చేసేవాళ్ళ గురించి ఒక సిఫారసు చేసింది. రెండు డ్యూటీల మధ్య కనీసం 12 గంటలు విడవకుండా విశ్రాంతి ఉండాలని అందులో ఉంది. అది మన దేశంలో చట్టం కాదు. కానీ అడగడానికి ఆధారం. మన సుప్రీంకోర్టు కూడా 2012లో ఒక తీర్పులో నిద్ర మనిషికి ఉన్న ప్రాథమిక హక్కు అని చెప్పింది. రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో అది కూడా ఉందని చెప్పింది.

అర్జీ కింద సంతకాలు పెట్టే వేళ వచ్చింది. ఇంతకుముందు జీతాల రోజున వేలిముద్ర వేసిన ఆయమ్మలు వాళ్ళలో ఇద్దరున్నారు. ఇప్పుడు నలుగురూ పేర్లు రాశారు. హెడ్ సిస్టర్ కింద "పరిశీలించగలరు" అని రాసి పంపింది.

10. తర్వాత ఏం జరిగింది?

ఆయమ్మను హెచ్చరించి మెమో మూసేశారు. ఉద్యోగం పోలేదు.

అడిగినవన్నీ దొరకలేదు. కొత్త ఆయమ్మలను వేయడానికి డబ్బు లేదన్నారు. విడిగా గది ఇవ్వలేమన్నారు. కానీ ఉదయం, రాత్రి డ్యూటీలు ఒకే రోజు వేయడం ఆగింది. రాత్రి దిగిన రోజు మధ్యాహ్నం రమ్మనడం కూడా ఆగింది. ఎవరైనా సెలవు పెడితే ముందు రోజు సెలవులో ఉన్నవారిని పిలుస్తున్నారు. చార్టు శనివారమే గోడ మీదికి వస్తోంది. దుప్పట్ల గదిలో ఒక మూల బల్ల వేసి తెర కట్టారు. గది అడగడం వాళ్ళు మానలేదు. రెండో అర్జీ సిద్ధమవుతోంది.

ఆయమ్మ నిద్ర లెక్క ఇప్పుడు 60 కాదు. పగలు 6 గంటలు పక్క మీద ఉంటే 5 గంటలు నిద్ర పడుతోంది. డ్యూటీకి వచ్చేముందు సాయంత్రం ఇంకో గంట కునుకు తీస్తోంది. ఇంకా కొంచెం తక్కువే. కానీ ముక్కలు కాని నిద్ర.

మొన్న తెల్లవారుజామున 4 గంటలకు మళ్ళీ ఒక బాలింతను ట్రాలీ మీద తెచ్చింది. మళ్ళీ లిఫ్టు ఆగింది. ఆయమ్మ ముందు ఈ పక్క కమ్మీ వేసింది. చుట్టూ తిరిగి ఆ పక్క కమ్మీ చూసింది. గడియ లాగి చూసింది. తర్వాతే చెయ్యి తీసింది.

కొత్త మాటలు

సంజాయిషీ: జరిగిన దానికి కారణం చెబుతూ ఇచ్చే జవాబు.
మెమో: ఆఫీసు నుంచి పనివారికి వచ్చే కాగితం.
సిఫారసు: ఇలా చేస్తే మంచిది అని చెప్పడం.
కమ్మీ: ట్రాలీకి పక్కన ఉండే ఇనప అడ్డం.
గాఢ నిద్ర: ఒళ్ళు తెలియని నిద్ర.
మగత: పూర్తిగా మెలకువ రాని స్థితి.

లెక్క చేయండి

1. ఒకామె ఉదయం 6 గంటలకు లేచింది. ఆ రాత్రి 11 గంటలకు పడుకుంది. ఎన్ని గంటలు మేలుకుని ఉంది?
2. పక్క మీద 400 నిమిషాలు ఉండి 340 నిమిషాలు నిద్రపోతే నూటికి ఎంత?
3. ఆయమ్మ ఇప్పుడు పక్క మీద 6 గంటలు, నిద్ర 5 గంటలు. నూటికి ఎంత? 85 వచ్చిందా?

మాట్లాడుకోండి

1. బాలింత తల్లి కోప్పడటం న్యాయమేనా? తప్పు ఎవరిది? ఒక్కరిదేనా?
2. పగలు ఆడవాళ్ళు పడుకుంటే తప్పని మీ ఊళ్ళో అంటారా? రాత్రి పని చేసే మగవాళ్ళను కూడా అలాగే అంటారా?
3. మీ ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఎవరు? అందరికంటే ఆఖర్న పడుకునేది ఎవరు?

రాయండి

ఒక వారం మీ నిద్ర లెక్క రాయండి. పడుకున్న వేళ, లేచిన వేళ, మధ్యలో ఎందుకు లేచారో రాయండి. వారం తర్వాత ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.